సంగీత సంపుటి: విడుదల, ఆదరణ, విమర్శ – ‘శంకరాభరణం’ ఉదాహరణ

ఈ భాగం చదివిన తరువాత మీరు ఒక సంగీత సంపుటికి దక్కిన ఆదరణకూ, దానిపై వచ్చిన విమర్శకూ గల తేడాను వివరించగలుగుతారు. ఒక కృతిని ఏ కొలమానంతో పరిశీలించాలో నిర్ణయించుకోగలుగుతారు.

1. ప్రవేశిక

పాశ్చాత్య రాక్ బృందానికి ఆల్బమ్ ఒక స్వతంత్ర రచన. 1967లో బీటిల్స్ బృందం ‘సార్జెంట్ పెప్పర్స్’ ఆల్బమ్‌ను విడుదల చేసినప్పుడు న్యూయార్క్ టైమ్స్‌లో రిచర్డ్ గోల్డ్‌స్టీన్ దాన్ని తప్పుపట్టాడు. శ్రోతలు మాత్రం విరివిగా కొన్నారు. 1968లో ఉత్తమ ఆల్బమ్‌గా గ్రామీ పురస్కారం కూడా దానికే వచ్చింది. అంటే ఒకే కృతికి శ్రోత, విమర్శకుడు, పురస్కార సంఘం వేర్వేరు తీర్పులు ఇవ్వవచ్చునన్నమాట. తెలుగువారికి చాలాకాలం సినిమా పాటల రికార్డే ఆల్బమ్. కనుక మనకు దగ్గరి ఉదాహరణ ‘శంకరాభరణం’.

2. విడుదల

ఈ చిత్రం 1980 ఫిబ్రవరి 2న విడుదలైంది. దర్శకుడు కె. విశ్వనాథ్. నిర్మాత ఏడిద నాగేశ్వరరావుది అప్పటి తూర్పు గోదావరి జిల్లాలోని కొత్తపేట. చిత్రీకరణలో కొంత రాజమండ్రి పరిసరాల్లో జరిగింది. సంగీతం కె.వి. మహదేవన్, పాటలు వేటూరి సుందరరామమూర్తి. వీరి కొత్త పాటలతోపాటు భద్రాచల రామదాసు కీర్తనలు, మైసూరు వాసుదేవాచార్యుల ‘బ్రోచేవారెవరురా’ వంటి కృతులు కూడా ఇందులో ఉన్నాయి.

3. ఆదరణ

ప్రసిద్ధ తారలు లేని ఈ చిత్రానికి మొదటి రోజుల్లో హాళ్ళు నిండలేదు. చూసినవారు పదిమందికీ చెప్పగా ప్రేక్షకులు పెరిగారు. తమిళనాడు, కేరళలలో కూడా పాటలను తెలుగులోనే విని ఆదరించారు. 27వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో మహదేవన్, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, వాణీ జయరామ్ ముగ్గురికీ బహుమతులు వచ్చాయి. చిత్రానికి మాత్రం ఆరోగ్యకరమైన వినోదం అందించిన ప్రజాదరణ చిత్రం అనే విభాగంలో పురస్కారం లభించింది. ఏ విభాగంలో బహుమతి ఇచ్చారన్నది కూడా ఒక విమర్శే అని గమనించండి.

4. విమర్శ

బాలసుబ్రహ్మణ్యం కర్ణాటక సంగీతాన్ని గురుముఖంగా అభ్యసించినవారు కాదు. ఈ సంగతిని ఆయనే చెప్పుకున్నారు. మహదేవన్ సహాయకుడు పుహళేంది దగ్గర పాటలు నేర్చుకుని పాడారు. కచేరీ కొలమానంతో వింటే లోటు కనిపిస్తుంది: రాగాలాపనకు వ్యవధి లేదు, నెరవుకు చోటు లేదు, పాట కొద్ది నిమిషాల్లో ముగియాలి. సినిమా కొలమానంతో వింటే ప్రశ్న మారుతుంది. మధ్యమావతిలోని ‘శంకరా నాదశరీరాపరా’ ఆ పాత్ర ఆవేశాన్ని మోసిందా? సంగీతం నేర్వని శ్రోతకు రాగం రుచి తెలిసిందా? మొదటి కొలమానం సంప్రదాయాన్ని కాపాడుతుంది. రెండవది కృతి తాను తలపెట్టిన పనిని ఎంతవరకు నెరవేర్చిందో చూస్తుంది. రెండింటినీ కలగాపులగం చేస్తే అన్యాయమైన తీర్పు వస్తుంది.

ఈ చిత్రంలోనే ఒక ఘట్టం ఉంది. పాప్ పాటలతో ఎగతాళి చేసిన యువకుల ముందు శంకరశాస్త్రి వారి బాణీనే స్వరాలతో పాడి చూపి, తన పాటను పాడమంటాడు. ఆయన తప్పుపట్టింది ఆ సంగీతాన్ని కాదు, తెలియనిదాన్ని తేలిక చేయడాన్ని. విమర్శకునికి మొదటి అర్హత వినడమే. రాక్ ఆల్బమ్‌ను తీసిపారేసే పండితునికీ, కీర్తనను పాతచింతకాయ పచ్చడి అనే యువకునికీ ఇది సమానంగా వర్తిస్తుంది.

5. సారాంశం

ఎంతమంది విన్నారన్నది ఆదరణ. ఎందుకు బాగుందో, ఎక్కడ బాగాలేదో కారణంతో చెప్పడం విమర్శ. బహుమతి ఈ రెండింటికీ ప్రత్యామ్నాయం కాదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

మీకు నచ్చని ఒక సంగీత సంపుటిని రెండుసార్లు వినండి. అది ఏ శ్రోతల కోసం, ఏ ఉద్దేశంతో రూపొందిందో ఐదు వాక్యాల్లో రాయండి. ఆ తరువాతే మీ తీర్పును మరో ఐదు వాక్యాల్లో, కారణాలతో రాయండి.