సీసాలో నీళ్లు సాక్ష్యం చెప్పాలంటే

మా తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు ఒక గురువారం నాడు సీసాడు వాగునీళ్లు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. నీళ్లు నల్లగా ఉన్నాయి. "చేపలు చచ్చి తేలాయి సార్. ఎవరికి చెప్పాలి?" అన్నాడు. ఎప్పుడు పట్టావురా అంటే, "ఆదివారం" అన్నాడు.

ఎవరికి చెప్పాలో ముందు చూద్దాం. మన రాజ్యాంగంలో నీరు రాష్ట్రాల విషయం. అందుకని 12 రాష్ట్రాల శాసనసభలు తీర్మానాలు చేసిన మీదటే పార్లమెంటు 1974లో జల కాలుష్య నివారణ చట్టం చేసింది. ఆ పన్నెండింటిలో ఆంధ్రప్రదేశ్ లేదు, తర్వాత చేరింది. మన కాలుష్య నియంత్రణ మండలి 1976లో ఏర్పడింది. 2014 నుంచి తెలంగాణకు వేరే మండలి ఉంది. ఢిల్లీలోని కేంద్ర మండలి రాష్ట్రాలకు సలహాలిచ్చి, వాటి పనిని సమన్వయం చేస్తుంది. ఫ్యాక్టరీకి అనుమతి ఇచ్చేదీ, అది వదిలే నీటిని పరీక్షించేదీ ముఖ్యంగా రాష్ట్ర మండలే. కాబట్టి ఉత్తరం ఢిల్లీ దాకా పోనక్కరలేదు, మండలి ప్రాంతీయ కార్యాలయానికి రాస్తే చాలు.

ఇక సీసా సంగతి. చేపలు చావడానికి విషమే అక్కరలేదు. పాలకేంద్రంలో పాత్రలు కడిగిన నీళ్లు ఎక్కువగా కలిసినా చాలు! అందులోని పదార్థాన్ని బాక్టీరియాలు తింటూ, నీటిలో కరిగి ఉన్న ప్రాణవాయువును వాడేసుకుంటాయి. చేపకు ఊపిరాడదు. ఈ వాడకాన్ని కొలిచే పరీక్షను బి.ఓ.డి. అంటారు. నీటిలో ప్రాణవాయువు ఎంత ఉందో కొలిచి, గాలి చొరకుండా బిరడా బిగించి, 27 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద చీకట్లో 3 రోజులు ఉంచి, మళ్లీ కొలుస్తారు. ఎంత తగ్గిందో చూసి లెక్క కడతారు. మురుగు చిక్కగా ఉంటే ముందే పలచన చేయాలి. లేకపోతే ప్రాణవాయువు మధ్యలోనే అయిపోయి లెక్క తేలదు. వాగుల్లోకి వదిలే నీటికి ఇది సాధారణంగా లీటరుకు 30 మిల్లీగ్రాములు మించకూడదు.

మరి బాక్టీరియాలు ప్రయోగశాల చేరేదాకా ఆగుతాయా? మావాడి సీసాలో అవి నాలుగు రోజులుగా తింటూనే ఉన్నాయి. అందుకే నమూనాను చల్లగా ఉంచి త్వరగా తీసుకుపోతారు.

చట్టానికి మరో అనుమానం. ఆ నీళ్లు ఫలానా ఫ్యాక్టరీవేనని రుజువేమిటి? అందుకని మండలి అధికారి అక్కడికక్కడే యజమానికి నోటీసు ఇచ్చి, అతని ఎదుటే నమూనాను రెండు భాగాలు చేసి, రెండింటికీ సీలు వేయాలి. ఇద్దరూ సంతకాలు పెట్టాలి. యజమాని కావాలని తప్పుకుంటే అధికారి సంతకంతోనే పంపవచ్చు. ఈ తతంగం జరగకపోతే పరీక్ష ఫలితం కోర్టులో చెల్లదు. చాదస్తంలా తోస్తుంది గాని, నాకది న్యాయంగానే కనిపిస్తుంది. తప్పు రుజువైతే ఫ్యాక్టరీకి కరెంటు ఆపించే అధికారం కూడా 1988 నుంచి మండలికి ఉంది మరి.

చిక్కల్లా, అధికారి వచ్చే వేళకు గొట్టం కట్టేసి ఉండడమే. కనుక మావాడి సీసా పారబోయించి, నోటుపుస్తకం తీయమన్నాను. వాళ్ల నాన్నతో కలిసి గట్టు మీది నుంచే వారం రోజులు చూసి తేదీ, వేళ, రంగు, వాసన రాసుకున్నాడు. గొట్టం తెరుస్తున్నది రాత్రి పదకొండు దాటాకేనని తేలింది. ఉత్తరంలో ఆ మాటే మొదటి వాక్యంగా పెట్టి, సోమవారం పోస్టు చేశాం.