నరం పట్టిందంటే... నూనెా, సూదా, ఆస్పత్రా?

మా ధూళిమిట్టలో ఒంట్లో ఎక్కడ నొప్పి పుట్టినా దాని పేరు ఒకటే. నరం! మెడ తిరగకపోతే నరం పట్టుకుంది. నాటేసి వచ్చాక నడుం లేవకపోతే నరం మీద నరం ఎక్కింది. అర్ధరాత్రి పిక్క రాయిలా బిగుసుకుంటే నరం గుంజింది. చేతి మీద నీలంగా ఉబ్బి కనబడేదీ నరమే, సెలైన్ ఎక్కించడానికి నర్సమ్మ వెతికేదీ నరమే. అంటే రక్తనాళం, కండరం, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడు, అసలు నరం, ఈ నాలుగింటికీ కలిపి మనం వాడేది ఒకే మాట. మాట ఒకటైతే ఫరవాలేదు. మందు కూడా ఒకటే అయి కూర్చుంది. "నూనె పెట్టి తోమితే పోతది బిడ్డా" అనేది మా పెద్దమ్మల తరం మాట. ఇప్పుడు దానికి తోడు "సూదులేయించుకో వదినె, మంచిగైతది" అనే మాట కూడా వినబడుతోంది.

తోమడం మంచిదే. సూదులూ కొన్నిటికి పనిచేస్తాయి. కాకపోతే అవి ఒంట్లో ఏం చేస్తాయో తెలిస్తే, ఏ నొప్పికి వాటి దగ్గరకు పోవాలో, ఏ నొప్పికి పోకూడదో మనకే అర్థమవుతుంది.

అసలు నరం అంటే మెదడు నుంచి, వెన్నుపాము నుంచి బయలుదేరి ఒళ్లంతా పాకే తెల్లటి తీగ. కరెంటు వైరు లాగా కబుర్లు మోయడం దాని పని. వేలికి ముల్లు గుచ్చుకుందన్న కబురు పైకి పోవాలన్నా, చెయ్యి వెనక్కి లాక్కోమన్న ఆజ్ఞ కిందికి రావాలన్నా దాని గుండానే. వీటిలో అన్నిటికంటే లావుది నడుము కింద నుంచి పిరుదు మీదుగా కాలిలోకి దిగేది. దాదాపు మన చిటికెన వేలంత ఉంటుంది. నరం ఒకదాని మీద ఇంకొకటి ఎక్కదు, ముడిపడదు. మనం చేత్తో తడిమి "ఇదిగో ఇక్కడ గడ్డ కట్టింది" అనేది చాలాసార్లు బిగుసుకున్న కండరమే.

ఆ కండరం ఎందుకు బిగుస్తుందో తెలుసుకోవడానికి డాక్టరు దాకా పోనక్కరలేదు, మా ఊరి పొలం గట్టు మీద నిలబడితే చాలు. నాట్ల కాలంలో ఆడవాళ్లు పొద్దున వంగితే మధ్యాహ్నం సద్ది దాకా లేవరు. పత్తి ఏరేవాళ్లకు ఒడి బరువంతా మెడ మీద, నడుం మీద. చుట్టుపక్కల ఊళ్లలో బీడీలు చుట్టేవాళ్లు చాటను ఒళ్లో పెట్టుకుని తల వంచితే గంటలు గడుస్తాయి. పట్నంలో మిషను కుట్టే అక్కయ్యలూ, కంప్యూటరు ముందు కూర్చునే అమ్మాయిలూ ఇదే కోవ. పని చేస్తూ, వదులవుతూ ఉండే కండరానికి రక్తం బాగా అందుతుంది. వదలకుండా బిగబట్టి ఉంచిన కండరం తనలోని సన్నటి రక్తనాళాలను తానే నొక్కేసుకుంటుంది. రక్తం తగ్గితే అది నొప్పని మొరపెట్టుకుంటుంది. నొప్పి కబురు అందుకున్న మెదడు ఆ భాగాన్ని కాపాడదామని ఇంకాస్త బిగిస్తుంది. బిగిస్తే మళ్లీ నొప్పి. రోట్లో తల పెట్టినట్టే ఇక!

రుద్దితే ఏమవుతుంది?

పిల్లవాడు పరుగెత్తి గడపకు మోకాలు కొట్టుకుంటాడు. మనం ఏం చేస్తాం? చప్పున అక్కడ చేత్తో రుద్దుతాం. వాడి ఏడుపు సగం తగ్గుతుంది. అది అమ్మ చేతి మహిమ ఒక్కటే కాదు. స్పర్శను మోసే నరాల పోగులు లావు, వాటిలో కబురు సెకనుకు 30 మీటర్లకు పైనే పరుగెడుతుంది. సన్నగా సలిపే నొప్పిని మోసే పోగులు మరీ సన్నం, వాటి వేగం సెకనుకు ఒక మీటరు అటూ ఇటూ. కాలి వేలు మంచం కోడుకు తగిలినప్పుడు తగిలిన సంగతి ముందు తెలిసి, ప్రాణం పోయే నొప్పి కాస్త ఆగి రావడం అందుకే. ఈ రెండు రకాల కబుర్లూ వెన్నుపాములో కలిసే చోట ఒక తలుపు లాంటి ఏర్పాటు ఉందనీ, స్పర్శ కబుర్లు ముందొస్తే నొప్పి కబుర్లకు ఆ తలుపు కొంత మూసుకుంటుందనీ 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చెప్పారు. తర్వాత ఆ సిద్ధాంతానికి చాలా సవరణలు వచ్చాయి, కానీ మూల విషయం నిలబడింది. మన అమ్మమ్మలకు ఆ తలుపు సంగతి తెలియదు, గొళ్లెం ఎక్కడుందో మాత్రం చేతులకు తెలుసు.

ఇంకో సంగతి. చర్మంలో మెల్లగా నిమిరితేనే పలికే పోగులు వేరే ఉన్నాయి. సెకనుకు ఒకటి నుంచి పది సెంటీమీటర్ల వేగంతో చెయ్యి కదిలితే అవి బాగా స్పందిస్తాయి. పసిపిల్లను నిద్రపుచ్చేటప్పుడు తల్లి చెయ్యి కదిలే వేగం అదే! ఈ నిమురుడుకు మనసు కుదుటపడుతుంది, బిగబట్టిన ఒళ్లు వదులవుతుంది.

కాబట్టి మాలీషుతో మేలు జరిగేది ఎక్కువగా నరాల ద్వారానే. కండను పిండి సాగదీయడం వల్ల కాదు. "కండల్లో పేరుకున్న ఆమ్లమంతా బయటికి పోతుంది" అని పార్లర్లలో చెప్పే మాటను నమ్మనక్కరలేదు. శ్రమ చేసినప్పుడు పుట్టే ఆ ఆమ్లం ఊరికే కూర్చున్నా గంటా గంటన్నరలో దానంతటదే తగ్గిపోతుంది. ఎంత నొప్పి పుడితే అంత గుణమనుకోవడమూ పొరపాటే. ఓర్చుకోలేనంతగా నొక్కితే కండరం భయపడి మరింత బిగుస్తుంది, మర్నాటికి కమిలిపోతుంది. ఏ నూనె మంచిదని చాలామంది అడుగుతారు. మా వైపు మంచినూనె, అంటే నువ్వుల నూనె. కోస్తావాళ్లకు కొబ్బరినూనె, ఆముదం. చెయ్యి జారడానికి ఏదైనా ఒకటే. పసిపిల్లల ముక్కులో, చెవుల్లో మాత్రం ఏ నూనే పొయ్యకండి. ముక్కులో పోసింది ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా తెచ్చిపెడుతుంది.

నూనె తర్వాత మనకు గుర్తొచ్చేది చిన్న పసుపు డబ్బా. అమృతాంజనాన్ని 1893లో బొంబాయిలో మొదలుపెట్టింది మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. 1908లో ఆంధ్రపత్రిక పెట్టిందీ ఆయనే. ఇలాంటి బాముల్లో ఉండే మెంథాల్ చర్మంలో చలిని కనిపెట్టే నరాల కొసలను మోసం చేస్తుంది. అక్కడ చల్లదనం ఏమీ లేకపోయినా చల్లగా ఉందని మెదడుకు కబురు పోతుంది, ఆ సందడిలో నొప్పి వెనకబడుతుంది. అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ మన వంటింటి మిరపకాయలో మంట పుట్టించే పదార్థంతోనే వేడిని పసిగట్టే గ్రాహకాన్ని కనిపెట్టాడు. స్పర్శ గుట్టు విప్పిన పటపూటియన్‌తో కలిపి ఆయనకు 2021లో నోబెల్ ఇచ్చారు.

సూది ఏం చేస్తుంది?

ఆక్యుపంక్చర్ చైనా వైద్యమని అందరికీ తెలిసిందే. అది మన దేశానికి వచ్చిన దారి మాత్రం చాలామందికి తెలియదు. జపాన్‌తో యుద్ధంలో చితికిపోతున్న చైనాకు 1938లో మన దేశం నుంచి ఐదుగురు డాక్టర్లు వెళ్లారు. అక్కడే 1942లో ప్రాణం విడిచిన డాక్టర్ కోట్నిస్ కథ సినిమాగా కూడా వచ్చింది. ఆయనతో వెళ్లిన డాక్టర్ బి.కె. బసు తర్వాత మళ్లీ చైనా వెళ్లి సూదుల వైద్యం నేర్చుకుని, 1959 నుంచి కలకత్తాలో మొదలుపెట్టారు. బెంగాల్ ప్రభుత్వం 1996లో దానికి ఒక చట్టమే చేసింది. మన దగ్గర హైదరాబాద్ గాంధీ ప్రకృతి వైద్య కళాశాలలో చదివే ఐదున్నరేళ్ల బి.ఎన్.వై.ఎస్. కోర్సులో ఆక్యుపంక్చర్ కూడా ఒక భాగం.

సూది అనగానే ఇంజెక్షన్ సూది అనుకుని బెదిరిపోతారు. ఇది అంత లావు కాదు, పావు మిల్లీమీటరు ఉంటే ఎక్కువ. లోపల బోలుగా ఉండదు, మందూ ఉండదు. చర్మం దాటి కండరంలోకి దిగాక ఒక బరువు, ఒక మొద్దు సలుపు తెలుస్తుంది. ఆ గిల్లుడుకు అక్కడి నరాల కొసలు మేలుకుంటాయి, కబురు వెన్నుపాముకూ, మెదడుకూ పోతుంది, మెదడు తన సొంత నొప్పిమందును వదులుతుంది. దాన్నే ఎండార్ఫిన్లు అంటారు. నల్లమందు ప్రభావానికి విరుగుడుగా ఇచ్చే మందు ఇస్తే సూది వల్ల కలిగిన ఉపశమనం తగ్గిపోయిందని 1970ల్లో చేసిన కొన్ని పరీక్షల్లో కనబడింది. కాబట్టి ఇది ఉత్త భ్రమ అనలేం.

అలాగని సూది పలానా బిందువు మీదే పడాలి, అక్కడ పడితేనే గుణం అన్న మాటా నిలవలేదు. జర్మనీలో 1,162 మంది నడుంనొప్పి వాళ్ల మీద చేసిన పెద్ద పరీక్ష ఫలితాలు 2007లో వచ్చాయి. శాస్త్ర ప్రకారం సూదులేయించుకున్న వాళ్లలో ఆరు నెలలకు నూటికి సుమారు 48 మందికి మేలు కనబడింది. బిందువులు కాని చోట, పైపైన సూదులేసిన వాళ్లలోనూ 44 మందికి మేలే! మామూలుగా మందులు, వ్యాయామంతో వైద్యం చేయించుకున్న వాళ్లలో 27 మందికే. దీన్నుంచి నాకు అర్థమైందేమిటంటే, సూది ఎక్కడ పడిందన్నదాని కంటే, మనిషి అరగంట కదలకుండా పడుకోవడం, ఒకరు తన నొప్పిని చెవిన పెట్టడం, తగ్గుతుందన్న ఆశ, ఇవన్నీ పనిచేస్తున్నాయి. మన ఇళ్లలో అరగంట పడుకునే వీలు ఎందరు ఆడవాళ్లకు ఉంది చెప్పండి?

దీర్ఘకాలంగా వేధించే మెడనొప్పి, నడుంనొప్పి, కొన్ని రకాల తలనొప్పులకు సూదులు వేయించుకుంటే తప్పు లేదు. సూది ప్యాకెట్ మీ కళ్ల ముందే చించమనండి, వాడాక మీ ముందే పారెయ్యమనండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నా, గర్భంతో ఉన్నా ముందే చెప్పండి. భుజాల మధ్య, ఛాతీ మీద లోతుగా గుచ్చితే ఊపిరితిత్తికి చిల్లు పడే ప్రమాదం ఉంది. అరుదే, కానీ అందుకే చదువుకున్న చెయ్యి కావాలి.

చెప్పు జారిపోతుంటే...

మా చిన్నమ్మ సంగతి చెబుతాను. నడుం నుంచి ఎడమ కాలి దాకా గుంజుడు. రెండు నెలలు నూనె తోమించుకుంది, తర్వాత పట్నంలో ఒకరి దగ్గర సూదులు వేయించుకుంది. నొప్పి తగ్గింది, అందరూ సంబరపడ్డారు. కానీ నడుస్తుంటే ఎడమ కాలి చెప్పు తనకు తెలియకుండానే జారిపోవడం మొదలైంది. చెప్పులు పాతవయ్యాయని కొత్త జత కొన్నది! అవీ జారినై. మడమ మీద నిలబడి పాదం పైకెత్తమని ఆస్పత్రిలో అడిగితే ఎడమ పాదం లేవలేదు. నడుంలో డిస్కు జారి నరాన్ని నొక్కుతోందని స్కానింగులో తేలింది. ఆపరేషనయ్యాక పాదం చాలావరకు లేస్తోంది గానీ, బొటనవేలికి ఇంకా పూర్తి బలం రాలేదు.

అదీ అసలైన నరం జబ్బు. నరం నలుగుతున్నప్పుడు నొప్పి ఒక్కటే ఉండదు. తిమ్మిరి ఉంటుంది, చురుకు తగ్గుతుంది, బలం తగ్గుతుంది. చేతిలోంచి గ్లాసు జారినా, చెప్పు జారినా, నొప్పి తగ్గుతున్నా సరే డాక్టరు చూడాల్సిందే. తొడల మధ్య మొద్దుబారి, మూత్రం వచ్చేదీ పోయేదీ తెలియకపోతే అప్పటికప్పుడు ఆస్పత్రికి బయలుదేరాలి. మూతి వంకరపోయి, ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోతే పసరు మందులకూ, మాలీషుకూ తిరగొద్దు. మెదడులో గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపు పడితేనే పనిచేస్తుంది. షుగర్ ఉన్నవాళ్లకు అరికాళ్లలో మంటలు, తిమ్మిర్లు వస్తాయి. వాళ్లు వేడి ఇటుక, ఉప్పు మూట కాపడం అసలు పెట్టుకోకూడదు. కాలినా తెలియదు, పుండు పడ్డాకే తెలుస్తుంది.

మెడ విషయంలో మరీ జాగ్రత్త. క్షౌరశాలలో మెడను పుటుక్కుమనిపించుకుని హాయిగా ఉందనుకునే మన మగవాళ్లకు ఒక మాట చెప్పండి. మెడ ఎముకల గుండా మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళాలున్నాయి. 2022లో హైదరాబాద్‌లో ఒక 50 ఏళ్ల మహిళ పార్లర్‌లో మెడ వెనక్కి వాల్చి తల కడిగించుకుంటుండగా కళ్లు తిరిగి, వాంతులై, చివరికి అది పక్షవాతమని తేలింది. మెడ వాల్చినప్పుడు ఆ నాళం నొక్కుకుపోయిందని చూసిన నరాల డాక్టరే చెప్పారు.

ఇక బాలింతలు. కాన్పయ్యాక ఒళ్లు తోమి వేడినీళ్లు పొయ్యడం మన ఇళ్లలో ఆడదానికి దొరికే ఒకే ఒక సుఖం, దాన్ని వద్దనేవాళ్లం కాదు. ఆపరేషను కుట్లు మానేదాకా పొట్ట జోలికి పోకుండా ఉంటే చాలు. కానీ కాన్పు తర్వాత ఆరు వారాల దాకా కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం మామూలు కంటే ఎక్కువ, సిజేరియన్ అయితే ఇంకా ఎక్కువ. ఒక్క కాలే వాచి, పిక్క వేడిగా ఉండి, ముడితే నొప్పి పెడితే అది నరం పట్టడం కాదు. దాన్ని గట్టిగా రుద్దితే ఆ గడ్డ విడివడి ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం తీయగలదు. మా వీధిలో ఒక పిల్లకు సరిగ్గా ఇలాగే అయింది. తల్లిగారింట్లో నూనె గిన్నె కాచి పెట్టారు కూడా. సమయానికి వచ్చిన ఆశా వర్కరు ఆ కాలు చూసి, "ముట్టుకోకు అవ్వా" అని ఆపి ఆటో పిలిపించింది. రంగుల స్కానింగులో పిక్క నుంచి తొడ దాకా గడ్డ కనబడింది. ఇంజెక్షన్లు, తర్వాత నెలల తరబడి మాత్రలు. ఇప్పుడు పిల్లాడూ బాగున్నాడు, తల్లీ బాగుంది.

ఆ రోజు నీళ్లు పొయ్యడానికి వచ్చిన అవ్వ ఇప్పటికీ మా ఊళ్లో బాలింతలకు నీళ్లు పోస్తుంది. కాకపోతే ముందు పిల్లను పీట మీద కూర్చోబెట్టి, రెండు కాళ్లూ పక్కపక్కన చాపించి, రెండు పిక్కలూ చేత్తో కొలిచి చూస్తుంది. రెండూ ఒక్కతీరుగా ఉన్నాయనుకున్నాకే నూనె గిన్నె దగ్గరికి జరుపుకుంటుంది.