పచ్చిచేప: ఒక మాట, రెండు అర్థాలు

యానాం బజారులో ‘పచ్చిచేపలు’ అంటే ఎండబెట్టనివని అర్థం. వంటింట్లో ‘చేప ఇంకా పచ్చిగానే ఉంది’ అంటే ఉడకలేదని అర్థం. ఎండుచేపను ఒడియాలో శుఖువా అనీ, తమిళంలో కరువాడు అనీ అంటారు. ఆయా ప్రాంతాల్లో స్థిరపడిన మనవారికి ఈ మాటలు పరిచితమే. మొదటి అర్థంలో పచ్చిచేప కోరదగినది. రెండవ అర్థంలో దానితో ప్రమాదం ఉంది. నగరాలకు చేరిన మన పిల్లలు జపాను పద్ధతి పచ్చిచేప వంటకాలు రుచి చూస్తున్నారు కనుక, ఆ ప్రమాదమేమిటో ఇక్కడ వివరిస్తున్నాము.

కొన్ని సముద్రపు చేపల్లో అనిసాకిస్ అనే పరాన్నజీవి డింభకాలు ఉంటాయి. పచ్చిగా తిన్నవారి జీర్ణాశయపు గోడను ఇవి పట్టుకుంటే, కొద్ది గంటల్లోనే తీవ్రమైన కడుపునొప్పి, వాంతులు కలుగుతాయి. మంచినీటి చేపల బెడద వేరు. ఈశాన్య థాయ్‌లాండ్‌లో పచ్చిచేపను తరిగి, నిమ్మరసం, కారం కలిపి ‘కోయ్ ప్లా’ చేస్తారు. దానితో ఒంట్లో చేరే కాలేయపు పురుగు పిత్తనాళాల్లో ఏళ్లతరబడి ఉండిపోతుంది. అది మనుషుల్లో కాన్సరుకు కారణమని అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ 1994లో నిర్ణయించింది.

నిమ్మరసం, వినిగర్ చేప కండను తెల్లబరచి, ఉడికినట్టు చూపుతాయి; పురుగును చంపుతాయని నమ్మరాదు. మన చేపల పులుసులోనూ రక్షించేది చింతపండు పులుపు కాదు, పొయ్యిమీది మరుగు. కండ ముల్లు నుంచి సులువుగా విడివడాలన్న పెద్దల గుర్తు నేటికీ మంచి గుర్తే.

ఇక ఉప్పు సంగతి. లోపలిదాకా దట్టంగా ఉప్పు పట్టించి వారాల తరబడి ఊరనిస్తే అనిసాకిస్ చస్తుంది. పైపైన ఉప్పు చల్లి ఒకటి రెండు రోజులు ఎండబెడితే చాలదు. ఎండుచేపనైనా మనవారు వేయించో, వంకాయతో కలిపి వండో తింటారు. ఆ అలవాటు మానరాదు.

హెర్రింగ్ చేపను వండకుండా తినే నెదర్లాండ్స్‌లో 1968 నుంచి దానిని ముందుగా గడ్డకట్టించాలని చట్టముంది. పచ్చిగా తినదలచిన చేపను సున్నాకు దిగువ 20 డిగ్రీల చలిలో 7 రోజులు ఉంచాలని నేటి సూచన. ఇంటి ఫ్రిజ్ అంత చలిని ఇవ్వకపోవచ్చు.

చేప ఉడికిన గుర్తుకు, ఉప్పు పట్టించే తీరుకు మీ ఊళ్లో వాడే మాటలను పాఠకులు మాకు రాసి పంపగలరు. ఆ మాటలతోపాటే ఈ జాగ్రత్తలూ పిల్లలకు అందాలని మా కోరిక.