పాత పలకతో ఎలక్ట్రిక్ గిటార్

కొత్త ఎలక్ట్రిక్ గిటార్ కొనే స్థోమత ఆ ఇంటికి లేదు. దీంతో తండ్రీకొడుకులు సొంతంగానే తయారీకి పూనుకున్నారు. లండన్ శివారులోని ఫెల్తామ్‌లో 1963 ఆగస్టులో మొదలైన ఈ పనికి దాదాపు రెండేళ్లు పట్టింది. అప్పటికి 16 ఏళ్లున్న ఆ కుమారుడే తరువాత క్వీన్ బృందంలో గిటారిస్టుగా ప్రసిద్ధి చెందిన బ్రయాన్ మే. తండ్రి హెరాల్డ్ ఎలక్ట్రానిక్స్ తెలిసినవారు.

వీణలో నాదాన్ని పెంచేది బోలుగా తొలిచిన కుండ. ఎలక్ట్రిక్ గిటార్‌లో ఆ భారం పికప్‌పై పడుతుంది. అయస్కాంతానికి సన్నని రాగి తీగ చుట్టి దీనిని తయారుచేస్తారు. పైనున్న ఉక్కు తీగ కంపిస్తే చుట్టలో స్వల్పంగా విద్యుత్తు పుడుతుంది. దానిని యాంప్లిఫయర్ పెంచుతుంది. కనుక ఖరీదైన కలపే కావాలని లేదు. తీగల బిగువుకు వంగకుండా, బాగా ఆరినదైతే సరిపోతుంది.

గిటార్ మెడకు చలికాచుకునే పొయ్యిపై అమర్చిన పాత మహాగని పలక ఉపయోగపడింది. పురుగు తొలిచిన రంధ్రాలను అగ్గిపుల్లలతో పూడ్చారు. దేహానికి పాత ఓక్ బల్ల చెక్క వాడారు. శ్రుతిని ఊగించే మీటకు మోటార్ సైకిల్ వాల్వు స్ప్రింగులు, దాని కొసకు అల్లిక సూది ముక్క, మెట్ల గుర్తులకు ముత్యపుచిప్ప గుండీలు అమర్చారు.

పికప్‌లు మాత్రం లొంగలేదు. ఇంట్లో చుట్టినవి తీగను పక్కకు లాగితే వింత శబ్దం చేసేవి. చివరకు బర్న్స్ కంపెనీవి కొనక తప్పలేదు. అయిన ఖర్చు 8 పౌండ్లేనంటారు.

ఇంత శ్రమపడిన తండ్రే, కుమారుడు పీహెచ్‌డీ ఆపి సంగీతంలోకి వెళ్లడాన్ని చాలాకాలం హర్షించలేదు. ఆ పరిశోధనను బ్రయాన్ 2007లో పూర్తిచేశారు. అంతకుముందే, 2002 జూన్ 3న, బకింగ్‌హాం రాజసౌధం పైకప్పుపై ఆయన బ్రిటన్ జాతీయ గీతం వాయించినది ఈ గిటార్‌పైనే.