విచారణ లేని దండన

దోషిని విడిచినా, నిర్దోషిని దండించినా పాలకునికి పాపమేనని మన ధర్మశాస్త్రాల నిర్ణయం. ఈ ధర్మసూక్ష్మానికి పాశ్చాత్య చరిత్రలోనూ ఒక నిదర్శనముంది. టెంప్లార్ల కథను చలనచిత్రాలలో చూసిన మా మియాపూరు యువకులు, వారు చివరికి ఏమయ్యారని అడుగుతుంటారు.

జెరూసలేం యాత్రికుల రక్షణకై సుమారు 1119లో ఏర్పడిన క్రైస్తవ సన్న్యాసి యోధుల సంఘమది. కాలక్రమంలో రాజులకే అప్పిచ్చేంత సంపన్నమైంది. వారికి ఋణపడిన ఫ్రాన్సు రాజు నాలుగవ ఫిలిప్, 1307 అక్టోబరు 13న తన రాజ్యంలోని టెంప్లార్లను మతద్రోహులని నిర్బంధించాడు. చిత్రహింసలకు తాళలేక పలువురు నేరం ఒప్పుకొన్నారు. ఆ మాటను వెనుకకు తీసుకొన్న 54 మందిని 1310లో పారిస్‌లో సజీవదహనం చేశారు. 1312లో పోపు ఐదవ క్లెమెంట్ సంఘాన్నే రద్దు చేశాడు. తాము నిర్దోషులమని చాటిన అధిపతి జాక్ ద మొలే 1314లో అగ్నికి ఆహుతి అయ్యాడు.

మరి మిగిలినవారు? పలువురు భరణం పొంది మఠాలలో శేషజీవితం గడిపారు. ఆస్తులు చాలావరకు హాస్పిటలర్ల సంఘానికి చేరాయి. పోర్చుగల్ రాజు దినిష్ 1319లో క్రీస్తు సంఘమనే పేరుతో కొత్త సంఘాన్ని నెలకొల్పగా, అక్కడి టెంప్లార్లు అందులో చేరారు. 1498లో కోళిక్కోడు తీరానికి వచ్చిన వాస్కో డ గామా ఓడల తెరచాపలపై నిలిచినది ఆ సంఘపు శిలువయే!

పోపు ప్రతినిధులు 1308లోనే మొలేను క్షమించినట్లు తెలిపే పత్రం 2001లో వాటికన్‌లో వెలుగు చూసింది. పత్రం దొరికింది, దగ్ధమైన ప్రాణాలు తిరిగి రాలేదు. హింసించి పలికించిన మాట సాక్ష్యం కానేరదు. రాజుకైనా, ఇంటిలో బిడ్డను మందలించే తండ్రికైనా ముందు విచారణ, పిదపనే దండన. అదే ధర్మం.