తెర మీది సబక్, చాప మీది సబక్

దివ్య ఖుర్ఆన్ మొదట గ్రంథరూపంలో కాక పఠనరూపంలో అవతరించింది. హజ్రత్ జిబ్రీల్ (అలై) వినిపించగా దైవప్రవక్త (స) విన్నారు. ఆయన నుండి సహాబాలు విన్నారు. ప్రతి రమజాన్ మాసంలో జిబ్రీల్ (అలై) వచ్చి దైవప్రవక్త (స)తో కలసి ఖుర్ఆన్‌ను పునశ్చరణ చేసేవారని, చివరి సంవత్సరం అది రెండుసార్లు జరిగిందని సహీహ్ బుఖారీ ద్వారా మనకు తెలుస్తోంది. హజ్రత్ ఉస్మాన్ (రజి) వివిధ ప్రాంతాలకు ముస్‌హఫ్ ప్రతులను పంపినప్పుడు వాటితోపాటు చదివి నేర్పే ఖారీలను కూడా పంపారని పండితులు పేర్కొన్నారు. గ్రంథం చేతికి అందినా, నేర్పే నోరు తప్పనిసరి అని ఆ తరానికి బాగా తెలుసు.

2020 మార్చిలో లాక్‌డౌన్ విధించి మసీదులు, మద్రసాలు మూతపడినప్పుడు ఈ పరంపర తెగిపోకుండా ఫోను తెర ఆదుకుంది. తరువాత తలుపులు తెరుచుకున్నాయి, కాని తెర మీది పాఠాలు ఆగలేదు. నేడు ఎందరో ఉస్తాదులు, ఆపాలు పిల్లలను ఎదుట కూర్చోబెట్టుకొని కొంతసేపు, ఫోను ముందు కూర్చొని మరికొంతసేపు బోధిస్తున్నారు. ఈ రెండింటిలో ఏది దేనికి తగినది, ఎవరి హక్కు ఎంత అన్న విషయం ప్రతి ముస్లిం కుటుంబమూ ఆలోచించవలసినది.

తెర చేసిన మేలు

గురువును చూడకుండా విద్య నేర్చుకోవడం మన చరిత్రకు కొత్త కాదు. విశ్వాసుల మాత హజ్రత్ ఆయిషా (రజి) తెర వెనుక నుండి బోధించగా ఎందరో పురుషులు హదీసు విద్యను అభ్యసించారు. హిజ్రత్‌కు పూర్వమే మదీనా వెళ్లి ఖుర్ఆన్ నేర్పిన ఇద్దరిలో హజ్రత్ ముస్అబ్ బిన్ ఉమైర్ (రజి) ఒకరైతే, రెండవవారు కంటిచూపు లేని హజ్రత్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి). ఖుర్ఆన్ విద్యలో చెవికి ఉన్న స్థానం అటువంటిది.

యుక్తవయసు రాగానే మక్తబ్ మానిపించిన ఆడపిల్ల ఇప్పుడు ఇంట్లోనే ఒక ఆపా వద్ద నాజిరా పూర్తి చేయగలుగుతోంది. పిల్లల్ని బడికి పంపిన తరువాత ఒక తల్లి అరగంట కూర్చొని, చిన్ననాడు సరిగా పలకని అక్షరాలను సరిదిద్దుకోగలుగుతోంది. కడప, నిజామాబాద్, హైదరాబాద్‌ల నుండి గల్ఫ్ దేశాలకు, అమెరికాకు వెళ్లిన మన కుటుంబాల పిల్లలు తెలుగులో అర్థం వివరించే ఉస్తాదు వద్ద చదవగలుగుతున్నారు. ఇవి చిన్న మేళ్లు కావు.

తెరకు అందనివి

అయితే ఫోను శబ్దాన్ని యథాతథంగా మోయదు. 'సా', 'సీన్', 'సాద్' అనే మూడు అక్షరాల మధ్య భేదం ఊపిరిలో, నాలుక ఉన్న చోటులో ఉంటుంది. ఫోనులో ఆ సన్నని భేదం తరచుగా చెదిరిపోతుంది. చుట్టుపక్కల చప్పుడును తొలగించే ఏర్పాటు ఒక్కొక్కసారి ఎడతెగని గున్నాను కూడా చప్పుడుగా భావించి కోసివేస్తుంది. శబ్దం ఆలస్యంగా చేరుతుంది గనుక అందరూ ఒక్క గొంతుతో చదవడం సాధ్యం కాదు. 'జాద్' పలికేటప్పుడు నాలుక అంచు దవడపళ్లకు తగిలిందో లేదో చూడాలంటే పిల్లవాడు ఎదుట ఉండడమే మేలు.

హిఫ్జ్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. సబక్ అప్పగించే పిల్లవాడి కళ్లు తెర పక్కన తెరచి ఉంచిన ముస్‌హఫ్ మీద ఉన్నాయేమో దూరం నుండి తెలియదు. వీటన్నిటికంటే పెద్దది అదబ్. ఉస్తాదు రాగానే సలాము చేయడం, వుజూతో కూర్చోవడం, తోటివాడు చదువుతుంటే మౌనంగా వినడం, అజాన్ వినబడగానే పాఠం ఆపి జమాఅత్‌కు లేవడం — ఇవి పాఠ్యపుస్తకంలో ఉండవు, మక్తబ్ చాప మీద అబ్బుతాయి.

ఫజ్ర్ తరువాతి గంట ఎవరిది?

ఇక అసలు సమస్యకు వద్దాం. మన దేశంలో ఉదయం 6:30 గంటలైనప్పుడు చలికాలంలో చికాగోలో ముందురోజు రాత్రి 7 గంటలు. అక్కడి పిల్లలకు అది అనుకూలమైన వేళ. ఇక్కడి మక్తబ్‌కు అదే ప్రాణం వంటి వేళ. అటు నుండి వచ్చే ఫీజుతో పోలిస్తే, రిక్షా కార్మికుడి కుమారుడు నెలకు ఇచ్చేది నామమాత్రం. ఆ గంటను తెరకు ఇచ్చి చాపను ఖాళీ చేస్తే నష్టపోయేది, మరొక దారి లేని ఆ పిల్లవాడే.

ఉస్తాదు సమయం అమానత్. కాని ఆ అమానత్ భారాన్ని ఉస్తాదు ఒక్కడి మీద మోపడం కూడా న్యాయం కాదు. ఇల్లు గడవని జీతమిచ్చే మహల్లా, ఆయన బయటి పాఠాలు వెతుక్కుంటున్నాడని నిందించే అర్హతను కోల్పోతుంది. మసీదుకు రంగులు వేయించే ముందు మక్తబ్ ఉస్తాదు జీతం లెక్క చూడాలి. విదేశాలలోని మన సోదరులు తమ పిల్లల ఫీజుతోపాటు స్వగ్రామంలోని ఒక పేద విద్యార్థి ఫీజును కూడా చెల్లిస్తే, తెర సంపాదించినది చాపకు చేరుతుంది.

రెండూ కలిపి నడపాలంటే

ఒకే గంటలో గదిలోని పిల్లలకూ తెర మీది పిల్లలకూ కలిపి పాఠం చెప్పడం ఉభయులకూ అన్యాయం. వేళలు వేరుగా ఉండాలి. అమెరికా పిల్లలకు శని, ఆదివారాల ఉదయం తరగతి పెట్టవచ్చు. చలికాలంలో చికాగో ఉదయం 9 గంటలు మనకు రాత్రి 8:30. అక్కడ మార్చి, నవంబరు నెలల్లో గడియారాలు మారుస్తారు గనుక వేళను అప్పుడు తిరిగి నిర్ణయించుకోవాలి. దుబాయి మనకంటే గంటన్నర, సౌదీ రెండున్నర గంటలు వెనుక ఉంటాయి. అక్కడివారికి మన ఇషా తరువాతి సమయం అనువుగా ఉంటుంది.

తరగతిలో నలుగురికి మించకుంటే ప్రతి ఒక్కరి పఠనమూ వినవచ్చు. ఉచిత జూమ్ తరగతి 40 నిమిషాలకే ముగుస్తుంది. ఆ పరిధిలోనే పాఠం ముగించడం చిన్నపిల్లలకు మేలు. అందులోని 'ఒరిజినల్ సౌండ్' ఏర్పాటును ఎంచుకొంటే గున్నా, మద్ద్ స్పష్టంగా వినిపిస్తాయి. హిఫ్జ్ విద్యార్థిని పాఠం మధ్యలో నుండి అడగాలి, కళ్లు మూసుకొని చదవమనాలి. సెలవులకు స్వదేశం వచ్చిన పిల్లలను కొద్ది వారాలైనా మక్తబ్‌లో కూర్చోబెట్టి వారి మఖ్రజ్‌లను ఎదురుగా సరిదిద్దాలి.

తల్లిదండ్రులారా! ఫోను పెట్టి తలుపు వేసి వెళ్లిపోతే అది పాఠం కాదు. పెద్దవారు ఒకరు పక్కన కూర్చోండి. పిల్లవాడి చేత వుజూ చేయించండి. ఫోనును నోటికి ఎదురుగా నిలబెట్టి, ఇతర సందేశాలు రాకుండా ఆపండి. ఆడపిల్లలకు ఆపానే ఎంచుకోండి. ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో మక్తబ్ ఉంటే మాత్రం, సౌకర్యం పేరిట పిల్లవాడిని దానికి దూరం చేయకండి. మక్తబ్ అందుబాటులో లేనివారికి తెర ఒక వరం. ఉన్నవారికి అది కేవలం సహాయకారి.

మన సంతానానికి తన గ్రంథాన్ని సరైన రీతిలో పఠించే, అర్థం చేసుకొనే, ఆచరించే భాగ్యాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక! వారికి నేర్పుతున్న ఉస్తాదులకు, ఆపాలకు ఉభయ లోకాలలో గౌరవాన్ని అనుగ్రహించుగాక! ఆమీన్.