బొర్రా గుహల్లో నీరు రాయిని ఎలా కరిగిస్తుంది?

అరకు దారిలో, సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున, అనంతగిరి కొండల్లో బొర్రా గుహలున్నాయి. సున్నపురాయిని తొలిచి ఈ గుహలను చేసింది నీరే. పైకప్పు నుంచి వేలాడే కొనలను పేర్చిందీ నీరే. రాయిని కరిగించే శక్తి నీటికి ఎక్కడిది?

నీటి అణువులో ఒక ఆక్సిజన్, రెండు హైడ్రోజన్లు ఎలక్ట్రాన్లను పంచుకుంటాయి. ఆ పంపకం సమానం కాదు. ఆక్సిజన్ వాటిని తనవైపు ఎక్కువగా లాక్కుంటుంది. దాంతో ఆక్సిజన్ వైపు కొద్దిగా రుణావేశం, హైడ్రోజన్ల వైపు కొద్దిగా ధనావేశం చేరతాయి. మొత్తం అణువుకు ఆవేశం సున్నాయే. ఇలాంటివే ధ్రువ అణువులు.

మరి కార్బన్ డయాక్సైడ్? అందులోనూ ఆక్సిజన్ ఉంది, అదీ లాగుతుంది. కానీ ఆ అణువు తిన్నని గీత. సమాన బలమున్న ఇద్దరు చెరోవైపు తాడు లాగినట్టు రెండు ఆక్సిజన్ల లాగుడూ చెల్లుకు చెల్లు. నీటి అణువు మాత్రం 104.5 డిగ్రీల కోణంలో వంగి ఉంటుంది కాబట్టి లాగుడు చెల్లిపోదు. బంధం ధ్రువబంధమైనా అణువు ధ్రువం కాకపోవచ్చు, తేల్చేది ఆకారం. ధ్రువత్వం చెప్పేటప్పుడు పిల్లల చేత ముందు అణువు బొమ్మ గీయించాలని నా అభిప్రాయం.

బొర్రాలో ఈ రెండు అణువులూ కలిసే పనిచేస్తాయి. సున్నపురాయిలోని ప్రధాన ఖనిజం కాల్సైట్. స్వచ్ఛమైన నీరు లీటరుకు సుమారు 15 మిల్లీగ్రాముల కాల్సైట్‌ను మాత్రమే కరిగించగలదు. అడవి మట్టిలో వేళ్లు, సూక్ష్మజీవులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో కొంత, ఇంకే వాననీటితో కలిసి కార్బోనిక్ ఆమ్లమవుతుంది. ఆమ్లం తాకిన సున్నపురాయి కాల్షియం, బైకార్బనేట్ అయాన్లుగా విడిపోతుంది. వెంటనే నీటి అణువులు వాటిని చుట్టుముడతాయి: ధనావేశమున్న కాల్షియం వైపు ఆక్సిజన్లు, రుణావేశమున్న బైకార్బనేట్ వైపు హైడ్రోజన్లు తిరుగుతాయి. అలా అయాన్లు నీటితో పాటే సాగిపోతాయి.

ఆ నీరు గుహ పైకప్పుకు చేరి చుక్కగా వేలాడుతుంది. ఒక అణువు హైడ్రోజన్‌ను పక్క అణువు ఆక్సిజన్ పట్టుకోవడం వల్లే ఆ చుక్క వెంటనే రాలిపోదు. మట్టిలోని గాలితో పోలిస్తే గుహ గాలిలో కార్బన్ డయాక్సైడ్ తక్కువ. అందుకే నీటిలోని కార్బన్ డయాక్సైడ్ చుక్కను వదిలి బయటికి పోతుంది. అది తగ్గగానే చర్య వెనక్కి తిరిగి, కాల్సైట్ పొరగా పేరుకుంటుంది.

పెరుగుతున్న కొనలను ముట్టుకోవద్దనేది కూడా ఇందుకే. వేళ్ల మీది జిడ్డు ధ్రువ పదార్థం కాదు. అది అంటిన చోట నీరు సరిగా పరుచుకోదు, కొత్త పొర సరిగా పట్టదు.